మెట్ల సీను

బొమ్మాయన ఏ కుర్చీలోనూ ఇరవై నిమిషాలకు మించి కుదురుగా కూర్చోలేడు. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకుని, నోట్లో పట్టకారు ఉండగానే లేచి నిలబడ్డ ఘనుడాయన. ఒంట్లో ఏ రోగమూ లేదు. అది ఉద్యోగం అంటించిన జాడ్యం.

ముప్పై ఒక్క ఏళ్ళు ఊళ్ళోని సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరుగా చేశాడు. అప్పట్లో సినిమా రేకు డబ్బాల్లో రీళ్ళుగా వచ్చేది. రీలుకు ఇరవై నిమిషాలు. క్యాబిన్లో రెండు మెషీన్లు. ఒకదాని మీద రీలు అయిపోవస్తుంటే తెర కుడివైపు పై మూలన ఒక చుక్క మెరిసి మాయమవుతుంది. అది చూసి రెండో మెషీను అందుకోవాలి. అందుకోకపోతే తెర తెల్లగా మిగులుతుంది, హాలంతా ఈలలు, ఆపరేటరు పుట్టుక మీద వ్యాఖ్యానాలు. హాలు మూతపడి పదకొండేళ్ళయింది కానీ ఆ కబురు ఆయన కాళ్ళకు ఇంకా అందలేదు. టీవీలో వార్తలు చూస్తున్నా కళ్ళు కుడి మూలకే పోతాయి. ఇరవయ్యో నిమిషంలో మోకాళ్ళు వాటంతటవే లేస్తాయి.

బొమ్మ వేసేవాడు కాబట్టి వీధిలో పిల్లలు బొమ్మాయన అన్నారు. ఇప్పుడు ఇంటి ముందు గదిలో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసుకుంటున్నా ఆ పేరు పోలేదు. వేల సినిమాలు వేశాడు. కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూసింది ఒక్కటీ లేదు. అరచేతి వెడల్పు కిటికీలోంచి తొంగిచూడటం, రీలు మార్చడం, మళ్ళీ తొంగిచూడటం. మెషీన్ల రొదలో మాటలు సగం వినబడవు. అయినా ఏ సినిమా గురించి అడిగినా తీర్పు మాత్రం టకీమని చెప్పేస్తాడు.

ఆయన లేవడానికి ఇంట్లో ఇంకో వంక కూడా ఉంది. భార్య బయటికి వెళ్తూ "స్టవ్ కట్టేశాను" అంటుంది. ఈయన వెంటనే లేచి వంటింట్లోకి వెళ్ళి చూసి వస్తాడు. తాళం వేశానంటే వెళ్ళి గుంజి చూస్తాడు. స్టవ్ ఎప్పుడూ కట్టేసే ఉంటుంది, తాళం వేసే ఉంటుంది. ఇంకొకావిడైతే ఇంటిని రణరంగం చేసేది. ఈవిడ మాత్రం నవ్వేసి, "చూసి రండి, నాదసలే మెట్ల సీను బుర్ర" అంటుంది.

మెట్ల సీను సంగతి చెప్పాలంటే ఇరవై రెండేళ్ళ వెనక్కి వెళ్ళాలి. అంతకుముందు, మొన్నమొన్నటి ఆదివారం దగ్గర మొదలుపెట్టడం తేలిక.

ఆ ఆదివారం మధ్యాహ్నం కూతురు ఓ చిన్న సంచీ భుజాన వేసుకుని వచ్చింది. అందులోంచి పప్పుల డబ్బా అంత ప్రొజెక్టరు తీసి బల్ల మీద పెట్టింది. గోడకు తెల్ల దుప్పటి కట్టింది. ఈయన ఆ యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి ఆపరేటరు ఎక్కడ కూర్చుంటాడే?" అన్నాడు.

"ఎక్కడా కూర్చోడు నాన్నా. బటన్ నొక్కితే చాలు."

"అయితే ఇది మెషీను కాదు, స్విచ్చి."

ఆ పిల్ల తెచ్చినవి రెండు సినిమాలు. వాటి వెనక ఒక చరిత్ర ఉంది. ఎప్పుడో ఒక లైట్‌హౌసు ముసలాయన మీద వరసగా మూడు సినిమాలు వచ్చాయి. సముద్రం మధ్య రాతి దీవిలో దీపం కాపాడే ముసలాయన. ఊరూరా దీపాలు ఆర్పించి ఓడలు దోచుకునే కెప్టెన్. ఆ మూడూ విరగబడి ఆడాయి. మన హాల్లోనే మూడోది నూరు రోజులు దాటింది. చాలా ఏళ్ళ తర్వాత, ఈ ముసలాయనా ఆ కెప్టెనూ కుర్రాళ్ళుగా ఉన్నప్పటి కథ అంటూ రెండు ప్రీక్వెల్స్ తీశారు. జనం ఎగబడి వెళ్ళారు, తిట్టుకుంటూ వచ్చారు. బొమ్మాయన తీర్పూ అదే: "తలా తోకా లేని సినిమాలు." ఇరవై రెండేళ్ళుగా అదే మాట, ఒక్క అక్షరం మారలేదు.

"ఇప్పుడందరూ మళ్ళీ చూస్తున్నారు నాన్నా. అంత చెత్తేం కాదంటున్నారు. మనమూ చూద్దాం, ఇవాళ మొదటిది, వచ్చే ఆదివారం రెండోది" అంది కూతురు. కొడుకు కూడా వచ్చాడు. వాడు సినిమాకు రాలేదు, వాళ్ళమ్మ వేయించే మొక్కజొన్న పేలాలకు వచ్చాడు.

మొదటిది చూశారు. బొమ్మాయన నాలుగుసార్లు లేచాడు. అప్పట్లో జనానికి కావలసింది ముసలాయన, లాంతరు, తుఫాను. వీళ్ళు ఇద్దరు కుర్రాళ్ళను తెచ్చి గంటసేపు సముద్రపు పటాలు గీయించారు. హాల్లో ఆ పటాలు రాగానే సగం మంది బయటికి వెళ్ళి సోడాలు తాగేవాళ్ళు. ఇప్పుడు చూస్తుంటే, ఆ గీసే చేతులు చూడబుద్ధి వేసింది. ఒకడు గీత గీస్తుంటే రెండోవాడు కాగితం ఎగరకుండా మోచేతితో నొక్కి పట్టుకుంటాడు. ముందు ముందు ఒకరి పీక ఒకరు పట్టుకోబోయే వాళ్ళు. ఇది కిటికీలోంచి కనబడలేదేమిటి అనుకున్నాడు. ప్రేమకథ మాత్రం అప్పుడెంత చప్పగా ఉందో ఇప్పుడూ అంతే చప్పగా ఉంది, అందులో మొహమాటం ఏమీ లేదు.

"చిన్నప్పుడు నాకు ఎందుకు నచ్చలేదో తెలుసా నాన్నా?" అంది కూతురు దుప్పటి విప్పుతూ. "వీడు కెప్టెన్ అవుతాడని ముందే తెలుసు కదా, ఇంకేం చూస్తాం అనిపించింది. ఇప్పుడేమో, తెలిసి తెలిసీ, వీడు అవ్వకపోతే బాగుండు అనుకుంటూ చూశాను."

"రెండోదాంట్లో అమ్మ మెట్ల సీను వస్తుందేమో చూడాలక్కా" అన్నాడు కొడుకు, నోటి నిండా పేలాలతో.

ముగ్గురూ నవ్వారు. తల్లి అందరికంటే ఎక్కువ నవ్వింది. బొమ్మాయన మంచినీళ్ళు తాగే మిషతో వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు పట్టుకోకుండా కుళాయి ముందు నిలబడ్డాడు.

ఇక ఇరవై రెండేళ్ళ వెనకటి సంగతి. రెండో ప్రీక్వెల్ రెండు గంటల యాభై నిమిషాలు. ఆఖరి ఆట అయ్యేసరికి చివరి బస్సు వెళ్ళిపోతోందని జనం క్లైమాక్సు ముందే లేచిపోతున్నారు. మూడో రోజు మేనేజరు క్యాబిన్‌కి వచ్చి, "ఓ పది నిమిషాలు లేపెయ్" అన్నాడు. అది కొత్తేమీ కాదు. ఆపరేటర్లందరూ చేసే పనే. కత్తిరించిన ముక్కను చుట్టచుట్టి మేకుకు తగిలించడం, ప్రింటు వెనక్కి పంపేముందు మళ్ళీ అతికించడం. ఏది కత్తిరించాలో మేనేజరు చెప్పడు, ఆపరేటరు ఇష్టం. ఈయన ఓడరేవులో జనం తిరిగే ముక్కలు కొన్ని తీశాడు. అవి సరిపోలేదు. నాలుగో రీల్లో ఇద్దరు కుర్రాళ్ళు లైట్‌హౌసు మెట్ల మీద కూర్చుని నాలుగు నిమిషాలు మాట్లాడుకుంటారు. ఫైటు లేదు, పరుగు లేదు, వట్టి మాటలు. ఆ మాటలేమిటో కిటికీలోంచి ఎటూ వినబడవు. కత్తెర వేశాడు.

భార్య మొదటి రోజే సినిమా చూసింది. ఐదో రోజు వాళ్ళ చెల్లెల్ని తీసుకుని మళ్ళీ వచ్చింది. ఇంటర్వెల్లో చెల్లెలితో సహా క్యాబిన్ మెట్లెక్కి వచ్చి, "ఏవండీ, మెట్ల సీను ఏదండీ? ఏడు మెట్లుంటాయి, ఒకడు తెగిన బూటు లేసుకు వల తాడు ముక్క కట్టుకుంటూ ఉంటాడు, అదే లేదేంటి?" అని గట్టిగా అడిగింది. సరిగ్గా అప్పుడే వసూళ్ళ లెక్క చూడటానికి వచ్చిన సినిమా కంపెనీ మనిషి తలుపు దగ్గర టీ తాగుతూ నిలబడి ఉన్నాడు. ఆయనకు సినిమాల పేర్లు తప్ప సినిమాలు తెలియవు. కానీ కత్తెర పడ్డట్టు తెలిస్తే ఆపరేటరు ఉద్యోగం ఊడుతుంది. ఈయన గుండె జారింది. నోరు మాత్రం నవ్వింది.

"మెట్లేంటి, బూట్లేంటి? అలాంటి సీనే లేదు. సినిమా మధ్యలో కునుకు తీసి కల కన్నట్టున్నావు!"

కంపెనీ మనిషి పకపకా నవ్వాడు. చెల్లెలు నవ్వింది. ఉద్యోగం నిలబడింది.

అంతవరకు ఏదో భయం అనుకుందాం. ఇంటికి వెళ్ళాక చెప్పొచ్చు కదా? చెప్పలేదు. అప్పటికే చెల్లెలు ఆ ముచ్చట చుట్టాలందరికీ చేరవేసింది. పిల్లలు పట్టుకున్నారు. అమ్మ ఏం చెప్పినా "మెట్ల సీనా?" అనడం మొదలైంది. "పాల ప్యాకెట్టు ఇందాకే తెచ్చి పెట్టానే" అంటే "మెట్ల సీను!" ఈయనకు చెప్పడం రోజురోజుకూ కష్టమైంది, నవ్వడం తేలికైంది. పైగా ఆ వారం ప్రింటు తెల్లవారకముందే బండెక్కి పోయింది. హడావిడిలో మెట్ల ముక్క అతికించడమే మర్చిపోయాడు. ఆ ప్రింటు ఆ తర్వాత తిరిగిన ఊళ్ళలో ఎవరికీ మెట్ల సీను లేదు. ఆ చుట్టను బిస్కెట్ల డబ్బాలో పెట్టి అటక మీదికి తోశాడు. ఆ సినిమా అన్ని చోట్లా బోల్తాపడింది, అదంతా తన కత్తెర మహిమే అనుకుంటే అదీ ఒక గొప్పే. కానీ ఈ చుట్టుపక్కల జనం "వాడు ఉన్నట్టుండి విలన్ ఎందుకయ్యాడు, అతకనే లేదు" అని తిట్టుకున్నారంటే, ఆ తిట్టు ఎవరికి తగలాలో ఆయనకు తెలుసు. తెలిసే వాళ్ళతోపాటు తలూపాడు.

వచ్చే ఆదివారం ఆ సీను గోడ మీద పడబోతోంది. సోమవారం పొద్దున్నుంచే ఆయనకు ఇరవై నిమిషాలు కాస్తా పదయ్యాయి.

మంగళవారం ఇంకోటి మొదలైంది. భార్య డ్రైక్లీనింగ్ షాపులో కౌంటరు దగ్గర పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. బట్ట చూస్తే మనిషి, మనిషిని చూస్తే బట్ట గుర్తొచ్చే తరహా. ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంచీ కింద పెట్టకుండానే కూర్చుంది.

"ఒకాయన కోటు పోయిందండీ. పోలేదు, నెల కిందట వాళ్ళ తమ్ముడే వచ్చి తీసుకెళ్ళాడు. నేనే చేతికిచ్చాను. ఆ వేళ వానకి జనం తోసుకుంటుంటే సంతకం తీసుకోలేదు. ఆయనేమో మా తమ్ముడు అప్పుడు ఊళ్ళోనే లేడంటున్నాడు."

"మరి ఓనరు ఏమన్నాడు?"

"పాపం ఆయన మంచిగానే అన్నాడు. 'అమ్మా, గుర్తు తప్పానని ఓ కాగితం రాసివ్వు, నేను సర్దిచెప్పుకుంటాను' అన్నాడు. వచ్చే సోమవారం నుంచి కౌంటరు ఇంకో అమ్మాయికి ఇస్తారట. నన్ను వెనక మడతలు పెట్టమన్నారు."

"నువ్విచ్చావు కదా?"

ఆవిడ సంచీ కింద పెట్టింది. "కళ్ళారా చూసినట్టే ఉంది. కానీ నాకలాంటివి చాలా ఉంటాయి కదండీ." తర్వాత, చాలా మామూలుగా, "ఆదివారం రాసేస్తాను. సోమవారం ఇచ్చేసి మానేస్తాను. మడతలు పెట్టడానికి నేనెందుకు" అంది.

బొమ్మాయన లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి, బాగైపోయిన ఫ్యాను విప్పి మళ్ళీ బిగించాడు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాడు. నోరు తెరిచి, "అన్నం తిందామా?" అన్నాడు.

బుధవారం ఆవిడ లేనప్పుడు అటక ఎక్కి డబ్బా దింపాడు. తుప్పు పట్టిన మూత స్క్రూడ్రైవరుతో లేపితే పుల్లటి వాసన. చుట్ట సాసరంత ఉంది, అంచులు కాస్త వంకర్లు పోయాయి, బొమ్మ మాత్రం నిలిచే ఉంది. మళ్ళీ మూత పెట్టి పనిముట్ల బల్ల కింద దాచాడు. గురువారం కాలు నిలవక ఆ షాపు దాకా నడిచాడు. వీధికి ఎదుటివైపు అరుగు మీద నిలబడి చూశాడు. ఒక ఆవిడ రెండు చీరలు ఇచ్చింది. ఈయన భార్య వాటిని లెక్కపెట్టి చీటీ రాసింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఆవిడ వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి, "రెండే కదమ్మా ఇచ్చారు?" అని అడిగింది. రెండు చీరలు. పంతొమ్మిదేళ్ళలో పేరు చెప్పకుండానే ఎవరి చొక్కా వాళ్ళకు అందించిన మనిషి.

ఆయన అరుగు దిగాడు. వీధి దాటి లోపలికి వెళ్ళి చెప్పేద్దామని రెండడుగులు వేశాడు. ఓనరు తలెత్తి, "ఏంటి సార్, ఇలా వచ్చారు?" అన్నాడు. "ఊరికే, టేపు కోసం" అని పక్క షాపులో అక్కర్లేని ఇన్సులేషన్ టేపు కొనుక్కుని ఇంటికొచ్చాడు. శుక్రవారం, శనివారం ఎలా గడిచాయో వీధిలో మిక్సీలిచ్చినవాళ్ళకు తెలుసు; రెండింటికి జార్లు మారిపోయాయి.

ఆదివారం వచ్చింది. దుప్పటి కట్టారు, కిటికీ పరదాలు వేశారు. సినిమా మొదలయ్యే ముందు భార్య బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద రెండు వాక్యాలు రాసి, మిగతాది తర్వాత రాస్తానని పేపరు కింద పెట్టింది. 'కోటు విషయంలో నాకు సరిగా గుర్తు లేక' అన్నంత వరకు ఈయన చదివాడు.

సినిమా నడుస్తోంది. మొదటి చుక్క రాలేదు. ఈ కొత్త యంత్రంలో చుక్కలుండవు. అయినా ఈయన లేచాడు, కూర్చున్నాడు, లేచాడు. "నాన్నా, అడ్డం!" అన్నాడు కొడుకు. గంట దాటింది. ఒక తుఫాను రాత్రి కెప్టెన్ కాబోయే కుర్రాడి తమ్ముడి పడవ రాళ్ళకు గుద్దుకుంది. పొద్దున ఒడ్డున చెక్కలు. దాని తర్వాత ఏమొస్తుందో ఆయనకు తెలుసు. అప్పట్లో తనూ తన కత్తెరా కలిసి ఇక్కడి నుంచి సూటిగా ఓడ తగలబెట్టే సీనుకు దూకించారు.

మెట్లు వచ్చాయి.

బూడిద రంగు రాతి మెట్లు. ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడు వంగి, తెగిన బూటు లేసు స్థానంలో వల తాడు ముక్క కట్టుకుంటున్నాడు. ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయాడు. మొదటిసారిగా ఆ మాటలు విన్నాడు.

"రాత్రి దీపం ఆరింది. నేను ఒడ్డు నుంచి చూశాను" అంటున్నాడు బూటు కట్టుకునేవాడు.

రెండోవాడు, మూడు సినిమాల్లో జనం హారతి పట్టిన ఆ ముసలాయన కాబోయేవాడు, ఆ రాత్రి కాపలాలో నిద్రపోయినవాడు, సముద్రం వైపు చూస్తూ చెప్పాడు: "దీపం వెలుగుతూనే ఉంది. నువ్వే సరిగా చూడలేదు."

బూటు కట్టుకునేవాడు ముడి వేస్తూనే ఉన్నాడు. వేసిన ముడి విప్పి మళ్ళీ వేశాడు. "అంతేనేమో" అన్నాడు.

కూతురు సినిమా ఆపింది. కొడుకు నోట్లో పేలాలు అలాగే ఉన్నాయి.

"అమ్మా! మెట్ల సీను!" అన్నాడు వాడు. "నిజంగానే ఉంది!"

"ఉండు ఉండు" అంది కూతురు. "ఇది మళ్ళీ విడుదల చేసిన కాపీ కదా. అప్పట్లో లేని సీన్లు కొత్తగా కలుపుతారు. ఇదీ అలా కలిపిందే అయ్యుంటుంది."

బొమ్మాయన కాళ్ళలో వారం రోజుల బిగువు ఒక్కసారి సడలింది. తప్పించుకున్నాడు. ఎవరూ అడగరు. తలుపు దానంతటదే తెరుచుకుంది, నడిచి వెళ్ళిపోవడమే.

భార్య గోడ మీద ఆగిపోయిన బొమ్మ వైపే చూస్తోంది. ఏడు మెట్లు, బూటు, తాడు ముక్క అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. చూసి చూసి తలూపింది.

"అంతేలే. కొత్తగా కలిపుంటారు. ఇలాంటిదే నేను ఇంకెక్కడో చూసి, ఇందులోనే అనుకుని ఉంటాను."

సాక్ష్యం గోడంత పెద్దదిగా ఎదురుగా నిలబడినా ఆవిడ తనను తాను నమ్మలేదు. అది చేసింది ఎవరో ఆ గదిలో ఒక్కడికే తెలుసు. ఆయనకు తనంటే అసహ్యం వేసింది. ముందు గదిలోకి వెళ్ళి, బల్ల కింది నుంచి డబ్బా తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"కొత్తగా కలపలేదు. మొదటి రోజు నువ్వు చూసినప్పుడు ఉంది. నేనే కత్తిరించాను. ఆ రోజు కంపెనీవాడు తలుపు దగ్గరుంటే భయపడి నీ మీదికి తోశాను. తర్వాత చెప్పలేదు. నువ్వు కల కనలేదు. ఎప్పుడూ కనలేదు. తప్పంతా నాది."

ఆవిడ మూత తీసింది. చుట్ట చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. కూతురు పరదా జరిపింది. ఆవిడ మూరెడు ఫిల్ము విప్పి వెలుతురుకు పెట్టి, కళ్ళు చికిలించి, వేలుగోటితో ఒక్కో మెట్టూ చూపిస్తూ లెక్కపెట్టింది.

"ఏడు" అంది.

ఆవిడ ఇటు తిరిగింది. ఏడవలేదు. ఆవిడ ఏడ్చినా బాగుండుననుకున్నాడు ఆయన.

"మా చెల్లెలు పోయి ఆరేళ్ళయింది. ఆసుపత్రిలో కూడా 'అక్కా, మెట్ల సీను' అని నవ్వింది. దాంతోపాటు నేనూ నవ్వాను. అది నన్ను పిచ్చిదాన్ననుకునే పోయింది. ఇప్పుడు దానికెవరు చెప్తారండీ?"

కొడుకు తల దించుకుని, "అమ్మా, మేం కూడా..." అన్నాడు.

"మీరు చిన్నపిల్లలు. ఈయన చిన్నపిల్లాడు కాదు." ఆవిడ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీ చూపించింది. "కూర్చోండి."

"నన్ను క్షమించమని..."

"అది తర్వాత చూద్దాం. ముందు కూర్చోండి. అమ్మాయ్, సినిమా మొదటి నుంచి పెట్టు. ఈయన కూర్చుని చూస్తారు. మధ్యలో లేస్తే మాత్రం నేను ఊరుకోను."

బొమ్మాయన కూర్చున్నాడు. ఇరవయ్యో నిమిషంలో మోకాళ్ళు లేచాయి. రెండు చేతులతో నొక్కి పట్టాడు. నలభయ్యో నిమిషంలో నడుం పీకింది. కుడి మూల చూడటం మానుకోవడానికి బుగ్గ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇందాక ఆయన లేచి తిరిగినప్పుడు ఏమేం దాటిపోయాయో ఇప్పుడు కనబడ్డాయి. తుఫాను రాత్రికి ముందే ఒక చిన్న ముక్క ఉంది: దీపం కుర్రాడు మూడు రాత్రులుగా స్నేహితుడి వంతు కాపలా కూడా తానే చేస్తున్నాడు. నిద్రపోయింది అందుకు. అది నిజంగానే చెప్పి ఉంటే అవతలివాడు అర్థం చేసుకునేవాడే. మెట్లు మళ్ళీ వచ్చాయి. "నువ్వే సరిగా చూడలేదు" అన్న మాట రెండోసారి వినడం ఇంకా కష్టమైంది. పక్కన భార్య కదలకుండా చూస్తోంది. ఆ తర్వాత ఓడ తగలబడింది. ఈసారి ఎవరూ అతకలేదనలేదు.

సినిమా అయ్యేసరికి కిటికీ అవతల పొద్దు వాలుతోంది. "మంచి సినిమా" అన్నాడు బొమ్మాయన. "ఆ ఓడరేవు గోల కొంచెం తగ్గిస్తే బాగుండేది గానీ, మంచి సినిమా."

"మీరు తగ్గించే పనులు ఇక పెట్టుకోకండి" అంది ఆవిడ. కూతురికి నవ్వు వచ్చింది, ఆపుకుంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆ పూట ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు. పేపరు కింది కాగితం తీసి, రాసిన రెండు వాక్యాల మీద గీత కొట్టి, వెనక్కి తిప్పి ఏదో రాసుకుంటూ కూర్చుంది.

సోమవారం పొద్దున తయారై, సంచీ భుజాన వేసుకుని, ముందు గదిలో ఆయన ఎదురుగా నిలబడి ఆ కాగితం చదివింది.

"కోటు ముదురు నీలం. రెండో గుండీ లేదు, నేనే చెప్తే 'ఇంట్లో కుట్టించుకుంటాం' అన్నాడు. వచ్చిన అబ్బాయి ఎడమ బొటనవేలికి కట్టు ఉంది. గొడుగు మర్చిపోయి సగం దూరం వెళ్ళి మళ్ళీ వచ్చాడు. గొడుగు పిడి విరిగి ఉంది. నేనే ఇచ్చాను." కాగితం మడిచింది. "ఇది ఇస్తాను. ఆ తమ్ముణ్ణి పిలిపించి అడగమంటాను. నమ్మితే నమ్ముతారు, లేకపోతే మానేస్తారు. నేను మాత్రం చూడలేదని రాయను."

"నేనూ రానా? జరిగింది ఓనరుకి చెప్తాను."

"అక్కర్లేదు. నేను చూసింది నేను చెప్పుకోగలను."

చెప్పులు వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, ఎప్పటిలాగే, వెనక్కి చూడకుండా, "స్టవ్ కట్టేశాను" అంది.

బొమ్మాయన మోకాళ్ళు లేచాయి. కుర్చీ కిర్రుమంది. ఆ చప్పుడుకు ఆవిడ గుమ్మంలో ఆగి తల తిప్పి చూసింది. ఆయన మెల్లగా వెనక్కి చేరబడి, ఒళ్ళో ఉన్న మిక్సీ జారును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సరే" అన్నాడు.

ఆవిడ ఇంకో క్షణం చూసి మెట్లు దిగింది. ఆవిడ చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటిపోయినా ఆయన కుర్చీలోంచి లేవలేదు.